పగలు కురచవుతున్నప్పుడు పెట్టలు గుడ్లు ఎందుకు తగ్గిస్తాయి, అప్పుడు ఏం చేయాలి?

25 పెట్టలున్న మీ చిన్న ఫారంలో నిరుడు ఇదే కాలంలో గుడ్లు బాగానే వచ్చాయనీ, ఈ ఏడాది పగలు కురచవుతున్న కొద్దీ రోజుకు నాలుగయిదుకు పడిపోయాయనీ, దాణా ఏమీ మార్చలేదనీ, పెట్టల వయసు ఏడాదిన్నర దాటిందనీ, షెడ్డులో ఎక్కడ చూసినా ఈకలేననీ మీరు రాశారు. ఇది జబ్బా, దాణా లోపమా, దీపం పెట్టాలా, లేక పెట్టలను మార్చేయాలా అన్నది మీ ప్రశ్న. మీరిచ్చిన వివరాల్లో జబ్బును సూచించేది నాకేమీ కనిపించలేదు. వయసు, ఈకలు, పగటి నిడివి మూడూ కలిసి చూపిస్తున్నది ఒకే విషయం: మీ పెట్టలు మొదటి ఏటి గుడ్ల కాలం ముగించుకుని పాత ఈకలు రాల్చుకుంటున్నాయి. అయితే 25 పెట్టలూ ఒకే స్థితిలో ఉండవు. కనుక మందలో వచ్చే మొత్తం గుడ్ల లెక్క చూసి నిర్ణయం తీసుకోకుండా, ఒక్కొక్క పెట్టనూ చేతిలోకి తీసుకుని చూసిన తరువాతే ఏం చేయాలో తేల్చుకోవాలని నా సలహా. ఎలా చూడాలో కింద వివరంగా రాస్తాను.

ముందుగా వెలుతురు సంగతి. కోడి వెలుతురును కళ్లతో మాత్రమే గ్రహించదు. పుర్రెను దాటి లోపలికి చేరిన వెలుతురును మెదడులో హైపోథాలమస్ భాగంలో ఉండే కణాలు నేరుగా పసిగడతాయి. అందువల్ల చూపు లేని కోడి కూడా పగటి నిడివికి స్పందించి గుడ్లు పెడుతుంది. పగలు చాలినంత పొడవుగా ఉన్నప్పుడు ఆ భాగం పీయూష గ్రంథిని ప్రేరేపిస్తుంది, ఆ గ్రంథి వదిలే హార్మోన్లు అండాశయంలో పచ్చసొనలు ఎదిగేలా, ఒకదాని తరువాత ఒకటి విడుదలయ్యేలా చేస్తాయి. రోజుకు 14 నుంచి 16 గంటల వెలుతురు ఉంటే ఈ వ్యవస్థ పూర్తి వేగంతో నడుస్తుంది, 12 గంటల కంటే తగ్గుతున్నప్పుడు క్రమంగా మందగిస్తుంది. నిడివి ఎంత అన్నదానితో పాటు అది పెరుగుతున్నదా, తరుగుతున్నదా అన్నది కూడా ముఖ్యమే. 11 గంటల నుంచి 13 గంటలకు పెరిగిన పగటిలో ఉత్సాహంగా గుడ్లకు వచ్చే పెట్టే, 16 గంటల నుంచి అదే 13 గంటలకు తగ్గిన పగటిలో వెనక్కి తగ్గుతుంది.

చలికి గుడ్లు ఆగిపోతాయని చాలామంది గట్టిగా నమ్ముతారు. చలి వల్ల పెట్ట ఎక్కువ మేత తింటుంది, ఆ మేత దొరకకపోతే గుడ్లు తగ్గుతాయి, నీళ్లు గడ్డకట్టే చోట దాహం వల్ల కూడా తగ్గుతాయి, అంతవరకు నిజమే. కానీ వెలుతురు పెంచకుండా షెడ్డును వెచ్చగా ఉంచినంత మాత్రాన గుడ్లు రావు. వెలుతురు, మేత సరిగ్గా అందితే ఒక మోస్తరు చలిలో పెట్టలు నిశ్చింతగా గుడ్లు పెడతాయి.

ఈ ప్రభావం అన్ని చోట్లా ఒకే తీరుగా ఉండదు. భూమధ్యరేఖ దగ్గర పగలు ఏడాది పొడవునా 12 గంటలకు అటూ ఇటూగానే ఉంటుంది. 15 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య 11 గంటల నుంచి 13 గంటల చిల్లర వరకు మారుతుంది. 50 డిగ్రీల దగ్గరికి వెళ్తే 8 గంటల నుంచి 16 గంటల దాకా ఊగుతుంది. అందుచేత ఉత్తరాన బాగా పైనున్న ఫారంలో గుడ్లు దాదాపు పూర్తిగా నిలిచిపోయే రోజుల్లో, ఉష్ణమండలంలోని ఫారంలో అవి కొంత తగ్గి ఊరుకోవచ్చు. అక్కడ అసలు దెబ్బ ఎండకాలంలో పడుతుంది. మీరున్న చోట పగలు ఎంత మారుతుందో తెలుసుకోకుండా వేరే దేశంలోని వారి దీపాల పట్టికను ఎత్తి మీ షెడ్డులో పెట్టుకోవడం వృథా.

గుడ్ల లెక్క చూసేటప్పుడు మరొక విషయం గుర్తుంచుకోవాలి. ఒక గుడ్డు తయారు కావడానికి 24 నుంచి 26 గంటలు పడుతుంది, అందులో సుమారు 20 గంటలు పెంకు కట్టడానికే పోతాయి. అందువల్ల నేడు ఉదయం ఏడింటికి పెట్టిన పెట్ట రేపు ఎనిమిదింటికో తొమ్మిదింటికో పెడుతుంది, అలా జరుగుతూ జరుగుతూ మధ్యాహ్నం దాటేసరికి ఒక రోజు విడుస్తుంది, మళ్లీ ఉదయం నుంచి మొదలుపెడుతుంది. మంచి కాలంలో ఎడతెగకుండా పెట్టే వరుస పొడవుగా ఉంటుంది, పగలు తగ్గుతున్నప్పుడు ఆ వరుస కురచై విడుపు రోజులు ఎక్కువవుతాయి. అంటే మొదట కనిపించే తగ్గుదల కొన్ని పెట్టలు ఆగిపోవడం వల్ల కాకపోవచ్చు, అన్నీ కాస్త కాస్త తగ్గించడం వల్ల కావచ్చు. ఈకలు రాలడం మొదలైన తరువాత మాత్రం రాల్చే పెట్ట దాదాపు ఎప్పుడూ పూర్తిగానే ఆపేస్తుంది.

నిరుడు అదే కాలంలో గుడ్లు ఎందుకు తగ్గలేదన్న మీ సందేహానికి సమాధానం కూడా ఇక్కడే ఉంది. అప్పుడవి కొత్తగా గుడ్లకు వచ్చిన పడుచు పెట్టలు. 18 నుంచి 22 వారాల వయసులో మొదలుపెట్టి, 28 నుంచి 32 వారాల మధ్య శిఖరానికి చేరి, మొదటి ఏట పగలు కురచైనా చాలావరకు ఆగకుండా పెట్టుకుపోవడం వాటి స్వభావం. మెడ మీద కొద్దిగా ఈకలు రాల్చి సరిపెట్టుకునేవి కొన్ని ఉంటాయి. పూర్తి స్థాయిలో ఈకలు మార్చుకోవడం 15 నుంచి 18 నెలల వయసులో, పగలు తగ్గే కాలంలో వస్తుంది. కనుక నిరుటి దిగుబడిని కొలమానంగా పెట్టుకుని ఈ ఏటి పెట్టలను తప్పుపట్టడం సరికాదు. ఆ దిగుబడి మళ్లీ ఎప్పటికీ రాదు కూడా. రెండో ఏట గుడ్లు పెద్దవిగా ఉంటాయి, సంఖ్య తక్కువగా ఉంటుంది.

ఇక పెట్టను పరిశీలించే పద్ధతి. చీకటి పడ్డాక, అవి కర్ర మీద కూర్చుని కుదురుకున్నప్పుడు, మసక దీపంతో లోపలికి వెళ్లండి. పగలు తరిమి పట్టుకుంటే పెట్టకూ మీకూ ఆయాసమే మిగులుతుంది. ఒక్కొక్క పెట్టను ఎత్తి, తోక కింద గుడ్డు వచ్చే ద్వారాన్ని చూడండి. గుడ్లు పెడుతున్న పెట్టకు అది వెడల్పుగా, తడిగా, పాలిపోయినట్లు ఉంటుంది. ఆగిపోయిన పెట్టకు చిన్నదిగా, గుండ్రంగా, పొడిగా ముడుచుకుని ఉంటుంది. ఆ ద్వారానికి రెండు పక్కలా సన్నని ఎముకల కొసలు వేళ్లకు తగులుతాయి. వాటి మధ్య రెండు మూడు వేళ్లు పట్టి, ఆ కొసలు మెత్తగా వంగితే పెట్ట గుడ్ల మీద ఉన్నట్లు. ఒక్క వేలు కూడా కష్టంగా పట్టి, కొసలు గట్టిగా తగిలితే ఆగిపోయినట్లు. తురాయి ఎర్రగా, నిండుగా ఉండటం, లేదా వడలి పొలుసు కట్టినట్లు ఉండటం కూడా ఇదే సంగతి చెబుతుంది.

పసుపు చర్మం గల జాతులైతే ఇంకా మంచి గుర్తు ఉంది. మేతలోని పసుపు వన్నె గుడ్ల కాలంలో పచ్చసొనలోకి పోతుంది కనుక శరీరం ఒక వరుసలో వెలిసిపోతుంది: ముందు గుడ్డు ద్వారం చుట్టూ, తరువాత కంటి చుట్టూ ఉన్న అంచు, తరువాత ముక్కు మొదలు నుంచి కొసకు, చివరికి కాళ్లు. గుడ్లు ఆపిన తరువాత పసుపు అదే వరుసలో తిరిగి వస్తుంది. కాళ్లు తెల్లబడి, ముక్కు మొదట్లో మాత్రం పసుపు కనిపిస్తున్న పెట్ట చాలా కాలం బాగా పెట్టి, ఈమధ్యే ఆగిందని అర్థం. అన్ని చోట్లా ముదురు పసుపుతో నిగనిగలాడుతున్న పెట్టే అందంగా కనిపిస్తుంది గానీ, అది ఎంతో కాలంగా మీ దాణా తిని గుడ్డు పెట్టని పెట్ట.

తరువాత రెక్క విప్పి చూడండి. రెక్క మధ్యలో ఒక పొట్టి ఈక ఉంటుంది, దాని నుంచి బయటి అంచు వరకు సాధారణంగా 10 పెద్ద ఈకలుంటాయి. రాలడం ఆ పొట్టి ఈక పక్కన ఉన్నదానితో మొదలై బయటికి సాగుతుంది. ఒక్కొక్క ఈక పూర్తిగా ఎదగడానికి ఆరేడు వారాలు పడుతుంది. కొన్ని పెట్టలు రెండు వారాలకొకటి చొప్పున రాలుస్తాయి, వాటికి మొత్తం పని అయిదారు నెలలు సాగుతుంది. మరికొన్ని నాలుగయిదు ఈకలను ఒక్కసారే వదిలేసి, చూడటానికి దీనంగా తయారై, రెండున్నర మూడు నెలల్లోనే తిరిగి గుడ్లకు వస్తాయి. తెలియనివారు ఈకలు లేక అధ్వానంగా కనిపించే పెట్టనే ముందు తీసేస్తారు, నిజానికి అదే మందలో ఉంచుకోదగిన పెట్ట. ముందుగా మొదలుపెట్టి నెమ్మదిగా, నలుగురికీ తెలియకుండా రాలుస్తూ పోయే పెట్టను అనుమానించాలి. కొత్తగా వచ్చే ఈక కాడలో రక్తం ఉంటుంది, తగిలితే నొప్పి పుడుతుంది, తెగితే రక్తం కారుతుంది, దాన్ని చూసి మిగతా పెట్టలు పొడుస్తాయి. కాబట్టి ఒకసారి చూసిన తరువాత ఆ పెట్టను పదే పదే పట్టకండి.

ఇలా చూస్తూ పెడుతున్నవి, రాలుస్తున్నవి, రెండూ కానివి అని మూడు రకాలుగా కాళ్లకు రంగు రింగులు వేయండి. ఆ ఒక్క రాత్రి పనితో మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దొరుకుతుంది.

దాణా మార్చలేదన్నారు, మంచిదే. కానీ ఈకలు కట్టే కాలపు అవసరం వేరు. ఈకలో 85 శాతానికి పైగా మాంసకృత్తులే ఉంటాయి. గుడ్ల దాణాలో ఉండే 16 శాతం సరిపోక పెట్టలు నీరసిస్తాయి, ఈకలు రావడం ఆలస్యమవుతుంది. ఈ రెండు మూడు నెలలూ 18 నుంచి 20 శాతం మాంసకృత్తులున్న దాణా పెట్టి, వట్టి గింజలు చల్లడం తగ్గించండి. గింజల్లో మాంసకృత్తులు 8 నుంచి 12 శాతం దాకానే ఉంటాయి, సున్నం లేనట్లే లెక్క. పెట్టలు గింజలతో కడుపు నింపుకుని దాణా వదిలేస్తే, సంచి మీద రాసిన శాతాలకు అర్థం ఉండదు. చిన్న ఫారాల్లో గుడ్లు తగ్గడానికి నేను తరచుగా చూసే కారణం ఇదే. యజమాని దాణా మార్చడు, ప్రేమ కొద్దీ గింజలు పెంచుతాడు. బయట తిరిగి మేసే కోళ్లకైతే కాలాన్ని బట్టి పురుగులు, లేత గడ్డి కూడా తగ్గిపోతాయి, అవి ఇచ్చే మాంసకృత్తులు దాణాలో కలపవలసినవే.

సున్నం విషయంలో ఈకలు రాల్చే పెట్టకు గుడ్ల దాణాలోని 3.5 నుంచి 4.5 శాతం కాల్షియం అవసరం లేదు. అయినా పెడుతున్నవీ, ఆగినవీ ఒకే షెడ్డులో ఉన్నాయి కనుక, తక్కువ సున్నం ఉన్న దాణా వేసి, ఆల్చిప్పల ముక్కలను వేరే గిన్నెలో ఉంచడం మేలు. ఒక్కొక్క పెంకుకు రెండు గ్రాముల పైగా కాల్షియం కావాలి, పెంకు కట్టే పని ఎక్కువగా రాత్రిపూట సాగుతుంది. పిండిగా ఉన్న సున్నం తొందరగా కరిగిపోతుంది. బియ్యపు గింజంత ముక్కలైతే రాత్రంతా నెమ్మదిగా కరుగుతూ అందుతాయి. అవసరమున్న పెట్ట సాయంత్రం తానే వెళ్లి తింటుంది.

దీపం పెట్టాలా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయమే గానీ నా అభిప్రాయం చెబుతాను. ఈకలు రాలుస్తున్న పెట్టలకు ఇప్పుడే దీపం పెట్టకండి. ఆ విరామంలో అండాశయం, గుడ్డు నాళం కుదించుకుని తిరిగి కొత్తగా ఎదుగుతాయి. తరువాత వచ్చే గుడ్లలో పెంకు గట్టిగా, తెల్లసొన చిక్కగా ఉండటానికి కారణం అదే. రెక్కలో బయటి ఈకలు కూడా సగం ఎదిగిన తరువాత దీపం మొదలుపెడితే, పెట్టలు త్వరగా గుడ్లకు వస్తాయి. అసలు పెట్టకపోయినా నష్టం లేదు, పగలు పెరగడం మొదలైన కొన్ని వారాలకు అవే వస్తాయి. దీపం వల్ల పెట్టలోని గుడ్లన్నీ ముందే అయిపోతాయన్న భయం అక్కర్లేదు. పెట్ట అండాశయంలో వేలకొద్దీ అండాలుంటాయి, జీవితకాలంలో కొన్ని వందలు మాత్రమే గుడ్లవుతాయి. గుడ్లు ఎక్కువగా వచ్చినప్పుడు మేత, సున్నం చాలకపోతే అరిగిపోయేది పెట్ట ఎముకలు.

పెట్టదలచుకుంటే కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. అదనపు వెలుతురు తెల్లవారుజామున ఇవ్వాలి, సాయంత్రం సహజంగానే చీకటి పడనివ్వాలి. రాత్రి వెలుగుతున్న దీపం ఒక్కసారిగా ఆరితే పెట్టలు కర్ర ఎక్కలేక నేల మీద గుంపుగా మిగిలిపోతాయి. వారానికి అరగంట మించకుండా పెంచుతూ మొత్తం 14 లేదా 15 గంటల దగ్గర ఆపండి. 16 దాటించడం వల్ల లాభం లేదు. మేత తొట్టి దగ్గర వార్తాపత్రిక చదవగలిగేంత వెలుతురు చాలు, అంటే 10 నుంచి 20 లక్సులు. పసుపు వన్నె వెలుతురిచ్చే బల్బు వాడండి, దాని మీద పేరుకునే దుమ్మును వారం వారం తుడవండి. మొదలుపెట్టిన తరువాత మధ్యలో మానకూడదు. నాలుగయిదు రోజులు దీపం లేకపోతే పెట్టలు మళ్లీ ఈకలు రాల్చడం మొదలుపెట్టవచ్చు, కనుక టైమరు బిగించి, కరెంటు పోయినప్పుడు ఏం చేస్తారో ముందే ఆలోచించుకోండి. గడ్డి, పొట్టు ఉన్న షెడ్డులో వేడెక్కే బల్బులు నిప్పుకు కారణమవుతాయి, వాటిని వాడవద్దు.

పగటి నిడివి తరువాత గుడ్లను ఎక్కువగా ప్రభావితం చేసేది ఎండ. కోడికి చెమట గ్రంథులు లేవు. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది, 30 డిగ్రీలు దాటితే మేత తగ్గిస్తుంది, ఇంకా పెరిగితే నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పుతున్నప్పుడు ఊపిరితో బొగ్గుపులుసు వాయువు అతిగా బయటికి పోతుంది, దానితో రక్తం గుణం మారి పెంకు కట్టడానికి కావలసిన కార్బొనేటు, కాల్షియం రెండూ చాలవు. ఎండకాలపు పలుచని పెంకులకు కేవలం సున్నం పెంచితే గుణం కనిపించకపోవడానికి కారణం ఇదే. నీడ, గాలి, చల్లని నీళ్లు ముందు ఏర్పాటు చేసి, మేతను తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ పెట్టాలి. మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగే పెట్ట అప్పుడు దానికి రెట్టింపు తాగుతుంది. గుడ్డులో మూడు వంతులు నీరే కనుక, తొట్టి ఒక పూట ఎండిపోయినా మరునాటి లెక్కలో తేడా తెలుస్తుంది.

వానలప్పుడు పగటి నిడివితో పని లేకుండానే గుడ్లు తగ్గవచ్చు. కింద పరిచిన పొట్టు తడిస్తే పేగు జబ్బులు, కడుపులో ఏలికపాములు పెరుగుతాయి. తేమ తగిలిన మొక్కజొన్న, వేరుశనగ పిండి బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ముక్కిపోయిన వాసన వచ్చే దాణాను ఎండబెట్టి వాడుకుందామని చూడవద్దు, ఎండబెట్టినా ఆ విషం పోదు.

గుడ్లు పొదగడానికి కూర్చున్న పెట్ట సంగతి వేరు. పగలు పెరిగే కాలంలో, గూట్లో గుడ్లు తీయకుండా వదిలినప్పుడు ఇది ఎక్కువ. నాటు జాతుల్లో సర్వసాధారణం, గుడ్ల కోసం ఎంపిక చేసి పెంచిన లెగ్‌హార్న్ వంటి జాతుల్లో అరుదు. 21 రోజులు పొదిగి, పిల్లలను వెంటేసుకుని తిరిగేసరికి రెండు మూడు నెలలు గుడ్లుండవు. పిల్లలు అక్కర్లేకపోతే, మొదటి రెండు రోజుల్లోనే దాన్ని గూటి నుంచి తీసి, కింద గాలి ఆడే జాలీ ఉన్న బోనులో నీళ్లు, మేత పెట్టి మూడు నుంచి అయిదు రోజులు ఉంచండి. కడుపు కింద వెచ్చదనం తగలకపోతే పొదగడం మానుకుంటుంది. ఆలస్యం చేసిన కొద్దీ మాన్పడం కష్టమవుతుంది.

జబ్బును ఎప్పుడు అనుమానించాలో కూడా చెప్పాలి. కాలాన్ని బట్టి వచ్చే తగ్గుదల వారాల మీద నెమ్మదిగా సాగుతుంది, ఆ పెట్టలు చురుకుగా మేస్తుంటాయి. రెండు మూడు రోజుల్లో మంద మొత్తం పడిపోయినా, ఈకలు రాలకుండానే తోలుగుడ్లు (గట్టి పెంకు లేని మెత్తని గుడ్లు), ముడతలు పడిన పెంకులు వరుసగా వచ్చినా, తుమ్ములు, గురక, పచ్చని విరేచనం, మెడ వంకర తిరగడం కనిపించినా ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించాలి. కొక్కెర వ్యాధి, ఇన్ఫెక్షియస్ బ్రాంకైటిస్ (కోళ్ల శ్వాసనాళాలకు సోకే అంటువ్యాధి) వంటివి అలా బయటపడతాయి. అంతకంటే ముందు నీళ్ల తొట్టినీ, చాటుమాటున పెట్టిన గూళ్లనూ వెతకండి. బయట తిరిగే పెట్టలు పొదల కింద గుడ్లు దాచడం మామూలే. రాత్రి టార్చితో కర్రల పగుళ్లు, మేకుల సందులు చూడండి. పగలు అక్కడ దాగి రాత్రి రక్తం తాగే రెడ్ మైట్ అనే సన్నని పురుగులుంటే, వేలితో రాసినప్పుడు ఎర్రని మరక అంటుతుంది. వాటి బాధకు గుడ్లు తగ్గుతాయి, పెట్టలు కర్ర ఎక్కడానికే ఇష్టపడవు.

పెట్టలను మార్చే విషయంలో, రెండూ కాని మూడో రకం పెట్టలను మాత్రమే ఇప్పుడు తీసేయండి. మిగిలినవాటిని రెండో ఏడు పూర్తయ్యేదాకా ఉంచవచ్చు. ఏటా ఇదే కాలంలో గుడ్లు పూర్తిగా కరవు కాకుండా ఉండాలంటే, మందలో మూడో వంతు ప్రతి ఏడాదీ కొత్త పెట్టలు ఉండేలా చూసుకోండి. పగలు పెరుగుతున్న రోజుల్లో పొదిగించిన పిల్లలు అయిదారు నెలలకు, సరిగ్గా పాతవి ఈకలు రాల్చే వేళకు గుడ్లకు వస్తాయి. అవి ఎదిగే వయసులో వాటికి అదనపు దీపం పెట్టవద్దు. శరీరం ఎదగకముందే గుడ్లకు వస్తే గుడ్లు చిన్నవవుతాయి, గుడ్డు నాళం బయటికి జారే ప్రమాదం కూడా ఉంటుంది. మొదటి గుడ్డు కనిపించే వరకు గుడ్ల దాణా కూడా పెట్టకండి, అందులోని సున్నం లేత మూత్రపిండాలకు భారం. కొత్త పెట్టలను పాతవాటితో కలిపేటప్పుడు ముందు వారం పది రోజులు మధ్యలో జాలీ కట్టి పక్కపక్కన ఉంచండి, కలిపిన తరువాత మేత తొట్లు, నీళ్ల తొట్లు రెండేసి చోట్ల పెట్టండి, లేకపోతే పాత పెట్టల పొడుపులకు బెదిరి కొత్తవి మేతకు దూరమై, గుడ్లకు రావడం నెల దాకా వెనకబడుతుంది.